వేయి మైళ్ల డ్యూటీ చార్ట్

బయల్దేరే ముందు

మా ఇల్లు రెడింగ్‌లో, లండన్ నుంచి పడమటికి పోయే పాత బాత్ రోడ్డుకి దగ్గర్లో. కాల్కాట్ అనే పేట మీదుగా వారానికోసారి సరుకులకి వెళ్తుంటాను. 1900 ఏప్రిల్ 23, సోమవారం పొద్దున ఆ కాల్కాట్‌లోనే ఒక బంగళా దగ్గర మోటారు కార్లు ఆగాయనీ, వాటిలో వచ్చినవాళ్లకి అక్కడే టిఫిన్లు పెట్టారనీ పదకొండేళ్లు ఇక్కడ ఉండి కూడా నాకు తెలీదు. కిందటి చలికాలం లైబ్రరీలో ఏదో తిరగేస్తుంటే కంటపడింది.

దాని పేరు వేయి మైళ్ల ట్రయల్. అప్పటికి ఇంగ్లండులో చాలామంది కారు కంటితో చూసి ఎరగరు. చూసినవాళ్లు అది గుర్రాల్ని బెదరగొట్టే డబ్బున్నోళ్ల సరదా అనుకునేవాళ్లు. 1896లో చట్టం సడలించి గంటకి 14 మైళ్ల వేగానికి ఒప్పుకున్నారు. ఒప్పుకున్న చేత్తోనే స్థానిక ప్రభుత్వ బోర్డు దాన్ని 12కి కోసింది. స్కాట్లండ్‌లో అయితే 10. మరుసటి ఏడు పుట్టిన ఆటోమొబైల్ క్లబ్బుకి క్లాడ్ జాన్సన్ సెక్రటరీ. ఈ బళ్లు ఎండా వానా కొండా లోయా తట్టుకుని దూరాలు పోగలవని జనానికి చూపించాలని క్లబ్బు కోరిక. దానికి జాన్సన్ వేసిన ప్లాను ఇదీ: లండన్, బ్రిస్టల్, బర్మింగ్‌హామ్, మాంచెస్టర్, కెండల్, కార్లైల్, ఎడిన్‌బరో, న్యూకాజిల్, లీడ్స్, షెఫీల్డ్, నాటింగ్‌హామ్, మళ్లీ లండన్. మొత్తం 20 రోజులు. బళ్లు నడిచేది అందులో 11 రోజులే. రెండు ఆదివారాలు సెలవు. మిగిలిన ఏడు రోజులూ పెద్ద ఊళ్లలో కార్లని నిలబెట్టి జనానికి చూపించడం.

లైబ్రరీలో ఇది నా కంటపడేనాటికి మా నాన్న ఇక్కడే ఉన్నాడు, ఆర్నెల్ల వీసా మీద. ఆర్టీసీలో కండక్టరుగా చేరి, కందుకూరు డిపోలో కంట్రోలరుగా రిటైరైన మనిషి. ఈ లెక్కంతా చెప్తే కాసేపు వేళ్ల మీద ఏదో కూడుకుని, "ఇది రేసు కాదురా చిన్నా, సర్వీసు. ఆ జాన్సన్ ఎవరో గానీ పని తెలిసినవాడు," అన్నాడు.

అంతే. ఏప్రిల్ చివర్లో నాకు సెలవు దొరికింది. మాకు ఎగ్జిబిషన్లు అక్కర్లేదు కాబట్టి పదకొండు రోజులు సరిపోతాయనుకున్నాం. కారు నాదే, బ్యాటరీ కారు. ఫుల్ ఛార్జికి 200 మైళ్లు అని అమ్మినవాళ్ల మాట, 160 అని నా అనుభవం. నాన్న ఒక నోట్‌బుక్కు కొని గళ్లు గీశాడు: బయలు, చేరిక, ఆలస్యం, కారణం. అమ్మ మనవడి స్కూలు కోసం ఇంట్లోనే ఉండిపోయి, పులిహోర కట్టిచ్చింది.

మొదటి రోజు: లండన్ – బ్రిస్టల్

హైడ్ పార్క్ కార్నర్‌లో ఉదయం ఏడింటికి బయలుదేరాలి. వాళ్లూ ఏడింటికే బయలుదేరారు. అందుకని ముందు రాత్రే లండన్‌లో ఒక ఫ్రెండు ఇంట్లో పడుకున్నాం. ఏడింటికి అక్కడ నిలబడితే ఎర్ర బస్సులు తప్ప చరిత్ర ఏమీ కనిపించలేదు. ఆ రోజు 65 బళ్లు ఇక్కణ్నించి కదిలాయి. వాటిలో నాలుగు చక్రాలవీ, మూడు చక్రాలవీ, ట్రెయిలరు తగిలించుకున్న ట్రైసికిళ్లూ ఉన్నాయి. ప్రతి బండిలో ఒక పరిశీలకుడు కూర్చుని, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, ఎంతసేపు అనేది రాసుకోవాలి.

"చెకింగ్ ఇన్‌స్పెక్టరు బస్సులోనే ఉంటే ఎట్టుంటుందో తెలుసా నీకు?" అని నవ్వాడు నాన్న. ఆయనకి తెలుసు.

కాల్కాట్ పార్క్ ఇప్పుడు గోల్ఫ్ క్లబ్బు. అప్పుడు డైలీ మెయిల్ యజమాని ఆల్ఫ్రెడ్ హార్మ్స్‌వర్త్ ఇల్లు. ఆయన ఈ ట్రయల్‌కి డబ్బు అండ ఇచ్చాడు, తన ఇల్లు దారిలోనే పడింది కాబట్టి మొదటి రోజు ఉదయం భోజనమూ పెట్టాడు. పత్రిక యజమానిని కలుపుకోవడం జాన్సన్ తెలివి. డబ్బూ వస్తుంది, వార్తా వస్తుంది. గేటు బయట కారాపి పులిహోర తిన్నాం. మా ఇంటికి రెండు మైళ్ల దూరంలో కారులో కూర్చుని చల్లారిన పులిహోర తినడం ఏమిటని అమ్మ ఫోన్లో నవ్వింది.

న్యూబరీ, హంగర్‌ఫోర్డ్, మార్ల్‌బరో దాటాక దేశం ఒక్కసారి విప్పారుతుంది. పెద్ద చెట్లు పోయి పచ్చటి గుట్టలు మొదలవుతాయి. రోడ్డు పక్కనే సిల్‌బరీ హిల్, నాలుగు వేల ఏళ్లకి ముందే మనుషులు పోసిన మట్టి దిబ్బ. చర్‌హిల్ దగ్గర కొండవాలు మీద సున్నపురాయిలో చెక్కిన తెల్ల గుర్రం. ఆ గుర్రం ఎదటే ఈ గుర్రం లేని బళ్లు పొగ కక్కుకుంటూ పోయాయి.

బ్రిస్టల్‌కి 118 మైళ్లు. గంటకి 12 లెక్కన దాదాపు పది గంటలు స్టీరింగ్ పట్టుకోవాలి. చాలా బళ్లకి స్టీరింగ్ చక్రం కూడా లేదు, పడవ చుక్కాని లాంటి కడ్డీ ఉండేది. పైన కప్పు లేదు. రోడ్లు కంకర పరిచి నీళ్లు కొట్టి అదిమినవి. ముందు బండి లేపిన దుమ్ము వెనక బండి మింగాలి. నాన్న పుస్తకంలో రాశాడు: స్టీరింగ్ అవర్స్ ఎక్కువ, మర్నాడు రెస్టు ఇవ్వడం సబబే.

రెండో రోజు: బ్రిస్టల్ – బర్మింగ్‌హామ్

గ్లాస్టర్, చెల్టెన్‌హామ్, వూస్టర్. దారి చదును, చెప్పడానికి పెద్దగా ఏం లేదు. దారి తప్పించి గేడన్‌లో ఉన్న బ్రిటిష్ మోటార్ మ్యూజియంకి వెళ్లాం. అక్కడ ఆ ట్రయల్‌లో నడిచిన బండే ఒకటి ఉంది: ఊల్స్‌లీ వాయిచురెట్, మూడున్నర హార్స్ పవర్, ఒకటే సిలిండరు. తయారుచేసిన హెర్బర్ట్ ఆస్టినే దాన్ని నడిపాడు. ఆ తర్వాత ఆస్టిన్ పేరుతో వచ్చిన కంపెనీ ఆయనదే.

నాన్న దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. మన ఆటోలో సగం శక్తి కూడా లేని ఇంజను. కుర్చీలు మాత్రం మెత్తటివి. "దీంట్లో కూర్చుని స్కాట్లండ్ పోయొచ్చాడా!" అన్నాడు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

ఆ గుంపులో ఒక ఆడమనిషి చిన్న బెంజ్ కారుని మొదటి నుంచి చివరిదాకా తనే నడిపింది, లూయీజ్ బాజల్‌గెట్. దానిది మూడు హార్స్ పవర్. 1900లో అదెంత మాటో అమ్మకి ఫోన్లో చెప్తే, "ఆవిడ వంట ఎవరు చేశారంట?" అంది.

మూడో రోజు: బర్మింగ్‌హామ్ – మాంచెస్టర్

లిచ్‌ఫీల్డ్, డెర్బీ, మ్యాట్‌లాక్. అక్కణ్నించి పీక్ డిస్ట్రిక్ట్ కొండలు. టాడింగ్‌టన్ ఎక్కుడు ఈ ట్రయల్‌లో మొదటి కొండ పరీక్ష. ఇప్పుడక్కడ వెడల్పాటి బైపాస్, మా కారు ఎక్కినట్టే తెలీలేదు. అప్పుడు చిన్న బళ్లకి ఎక్కుడు వస్తే లోపలివాళ్లు దిగి నడవాలి, అవసరమైతే నెట్టాలి.

జాన్సన్ లెక్కలో నాకు బాగా నచ్చింది ఇక్కడే. కొండలు అడ్డమొచ్చాయి కాబట్టి ఎక్కడం కాదు, కొండల్ని ఏరుకుని దారిలో పెట్టాడు. టాడింగ్‌టన్, షాప్ అనే కొండ, డన్‌మెయిల్ రైజ్, స్కాట్లండ్‌లో బర్క్‌హిల్. చదును నేల మీద బళ్లన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. కొండ మీద టైము కొడితేనే ఎవరి ఇంజను ఏపాటిదో బయటపడుతుంది. అదే సమయంలో రోడ్డు మీద వేగానికి మార్కులు పెట్టలేదు. పెడితే పోలీసులు ఊరుకోరు, ఒక్క ప్రమాదం జరిగితే పత్రికలు ఊరుకోవు. వేగం వద్దు, నిలకడ చాలు అన్న నియమంతో ఆ సందులోంచి నడిచాడు. నడిపేవాళ్లందరూ 12 దాటలేదని మాత్రం అనుకోకండి. పరిశీలకుడు పక్కనున్నా కాలు ఊరుకుంటుందా.

నాలుగో రోజు: మాంచెస్టర్ – కెండల్

వాన. ప్రెస్టన్, లాంకాస్టర్. లారీల వెనక లారీలు. సాయంత్రం కెండల్‌లో వేడి సూపు. నాన్న గడిలో ఒక్క ముక్కే: వాన.

అయిదో రోజు: కెండల్ – కార్లైల్

కెండల్ నుంచి ఉత్తరానికి రెండు దారులు. సరస్సుల పక్కగా డన్‌మెయిల్ రైజ్ ఎక్కి కెజిక్ మీదుగా పోయేది ఒకటి. షాప్ ఫెల్ మీదుగా పోయే పాత ఏ6 రోడ్డు రెండోది. సరస్సుల దారి అందమని అందరూ చెప్పారు. నాన్న షాప్ అన్నాడు. ఎందుకంటే అది బస్సుల దారి.

ఇప్పుడు బస్సులూ లారీలూ అన్నీ పక్కనున్న ఎం6 మోటార్‌వే మీద పోతున్నాయి. 1970లో అది తెరిచాక షాప్ రోడ్డు పడుకుంది. సుమారు 1,400 అడుగుల ఎత్తు దాకా ఎక్కుతుంది. ఎటు చూసినా గోధుమరంగు గడ్డి, రాతి గోడలు, గొర్రెలు, గాలి. అరగంటలో మాకు ఎదురొచ్చినవి నాలుగు బళ్లు.

పైన రోడ్డు పక్కన ఒక రాయి ఉంది. మోటార్‌వే రాకముందు ఈ కష్టమైన దారిలో బళ్లు నడిపిన డ్రైవర్ల కోసం, సిబ్బంది కోసం నిలబెట్టింది. రోడ్డు వేసినవాళ్లనీ, దాన్ని కాపాడినవాళ్లనీ కూడా తలుచుకున్నారు. చలికాలం మంచులో చిక్కుకున్న ప్రయాణికులకి తిండీ నీడా ఇచ్చిన చుట్టుపక్కల ఊళ్లవాళ్లనీ మర్చిపోలేదు. నేను చదివి తెలుగులో చెప్పాను. మళ్లీ చదవమన్నాడు. చదివాను.

"తొంభై మే తుఫానుకి..." అని మొదలుపెట్టాడు. విజయవాడ సర్వీసు, బాపట్ల దాటాక రోడ్డు మీద చెట్లు పడి బస్సు కదల్లేదట. రాత్రంతా గాలి. తెల్లారాక ఎవరో తెలియని పల్లె వాళ్లు మోకాటి నీళ్లలో గంపలు నెత్తిన పెట్టుకుని వచ్చి బస్సులో ఉన్నవాళ్లందరికీ ఉప్మా పెట్టారట. "ఆ ఊరి పేరు అడగలేదురా నేను. ముప్పై మందికి పైగా తిన్నాం. ఎవరూ అడగలేదు."

ఈ కథ నేను ఇంతకు ముందు వినలేదు. గాలికి చెవులు నొప్పెడుతున్నా ఆయన అక్కణ్నించి కదల్లేదు. నేను కారులో హీటరు వేసుకుని కూర్చున్నాను. బ్యాటరీ శాతం తగ్గుతోందని మనసులో పీకుతున్నా, రమ్మని పిలవలేకపోయాను.

ఆరో రోజు: కార్లైల్ – ఎడిన్‌బరో

పీకినది ఊరికే కాదు. కార్లైల్‌లో మేమున్న హోటల్లో ఛార్జింగ్ లేదు. పొద్దున బయల్దేరేటప్పటికి 60 శాతం ఉంది. నలభై మైళ్ల అవతల మాఫట్ అనే చిన్న ఊళ్లో ఛార్జింగ్ పాయింటు ఉందని ఫోను చెప్పింది. వెళ్తే పాయింటు ఉంది, కరెంటు లేదు. తెరమీద ఎర్ర అక్షరాలు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే పాట.

"స్పేర్ ఏదిరా?" అన్నాడు నాన్న.

"దీనికి స్పేర్ ఉండదు నాన్నా."

"స్పేర్ లేకుండా సర్వీసు వేస్తారా ఎవరన్నా?"

1900లో పెట్రోలు బంకులు లేవు. ఈ దేశంలో మొదటి బంకు మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాకే వచ్చింది. కాబట్టి అన్ని బళ్లు ఒకేసారి ఒక ఊరి మీద పడితే తాగడానికి పెట్రోలు ముందే అక్కడికి చేరి ఉండాలి. రాత్రి బళ్లు పెట్టుకోవడానికి చోటు చూసి ఉంచాలి. ప్రతి మజిలీలో ఎదురుచూసే మనిషి కావాలి. ఇదంతా ఉత్తరాల మీద, టెలిగ్రాముల మీద నడిచింది. జాన్సన్‌కి ఈ విద్య ఎలా వచ్చిందంటే, క్లబ్బుకి రాకముందు ఆయన లండన్‌లో ఇంపీరియల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎగ్జిబిషన్లు పెట్టే పనిలో ఉండేవాడు. వందల సామాన్లు చెప్పిన రోజుకి చెప్పిన చోట ఉండేట్టు చూడటమే ఆయన పని. నేను మాత్రం ఒక యాప్‌ని నమ్ముకుని బయల్దేరాను.

మిగిలింది 55 మైళ్లకి సరిపడా. తర్వాతి పాయింటు సెల్‌కర్క్‌లో, 34 మైళ్లు. మధ్యలో బర్క్‌హిల్ ఎక్కుడు. మామూలుగా చాలు. కానీ చలి, ఎక్కుడు, ఎదురుగాలి. టెన్షన్ నాకే, నాన్న హుషారయ్యాడు. "హీటర్ ఆపు. ముప్పై దాటకు. దిగుళ్లో కాలు తియ్యి. ఆర్టీసీలో డీజిలు ఆదా చేసిన డ్రైవర్లకి ప్రైజులిచ్చేవాళ్లం, ఏమనుకున్నావ్?" అంటూ శాలువా కప్పుకుని కూర్చున్నాడు.

అలా నిదానంగా పోవడం వల్లే ఆ రోడ్డు కనబడింది. రెండు బళ్లు ఎదురైతే ఒకటి ఒదగాల్సినంత సన్నటి దారి. రెండు వైపులా నిటారుగా లేచిన కొండలు, మధ్యలో వాగు. గ్రే మేర్స్ టెయిల్ అనే జలపాతం ఎడమవైపు కొండ మీంచి తెల్లటి తోకలా వేలాడుతోంది, అరవై మీటర్లు. పైన కనుమ దాటాక సెయింట్ మేరీస్ లాక్ అనే సరస్సు, గాలికి నల్లగా ముడతలు పడి ఉంది. గొర్రెపిల్లలు రోడ్డు మధ్యలో కూర్చుని మా వంక చూశాయి, లేవలేదు. ఆపాం. స్కాట్లండ్‌లో పది మైళ్ల వేగం అంటే ఇదేనేమో.

సెల్‌కర్క్ చేరేసరికి 9 శాతం. నాన్న గడిలో: ఆలస్యం 1 గం. 50 ని. కారణం: స్పేర్ లేదు.

ఏడో రోజు: ఎడిన్‌బరో, రెస్టు

నాన్న పట్టుబట్టి పెట్టించిన రోజు. వాళ్లకీ ఇక్కడ మే 3న ఎగ్జిబిషన్. కోట ఎక్కి దిగాక ఒక బల్ల మీద కూర్చుని జాన్సన్ తర్వాత ఏమయ్యాడో చెప్పాను.

ఆ ట్రయల్‌లో 12 హార్స్ పవర్ పనార్డ్ కారు నడిపి బంగారు పతకం కొట్టుకుపోయిన 22 ఏళ్ల కుర్రాడు చార్లెస్ రోల్స్. కొన్నేళ్లకి జాన్సన్ క్లబ్బు వదిలి రోల్స్‌తో వ్యాపారంలో చేరాడు. వాళ్లకి హెన్రీ రాయిస్ కలిశాక పుట్టిందే రోల్స్-రాయిస్. జాన్సన్ దానికి మేనేజింగ్ డైరెక్టర్. 1907లో తన పాత విద్యే మళ్లీ బయటికి తీశాడు. సిల్వర్ ఘోస్ట్ అనే వెండిరంగు కారుని క్లబ్బు పరిశీలకుల కళ్ల ముందు లండన్, గ్లాస్గో మధ్య 27 సార్లు తిప్పించి 15,000 మైళ్లు నడిపించాడు. 629వ మైలు దగ్గర కుదుపులకి పెట్రోలు కుళాయి దానంతటదే మూసుకుని ఒక్క నిమిషం ఆగింది. ఆ తర్వాత 14,371 మైళ్లు, టైర్ల కోసం తప్ప, బండి తనంతట తాను ఆగలేదు. చివర్లో ఇంజను విప్పి, అరిగిన ముక్కలన్నీ కొత్తవి వేయడానికి అయిన ఖర్చు రెండు పౌన్ల పైచిల్లర.

"సిల్వర్ ఘోస్ట్ అంటే... చౌమహల్లాలో చూశాం కదా, పసుపు కారు?" అన్నాడు.

అదే. నిజాం కోసం చేయించిన 1912 సిల్వర్ ఘోస్ట్, హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో అద్దాల వెనక ఉంది. ఎక్కువ తిరగని బండి. "నడపని బండికి ట్రయల్ ఎందుకురా," అన్నాడు నాన్న కాస్త కోపంగానే.

ఎనిమిదో రోజు: ఎడిన్‌బరో – న్యూకాజిల్

సముద్రం పక్కగా బెర్విక్, ఆనిక్. ఆ ట్రయల్ మొత్తంలో జనం ఇప్పటికీ చెప్పుకునే కథ ఈ దారిదే. మాంటేగ్ గ్రహమ్-వైట్ అనే అతని డైమ్లర్ కారు స్టీరింగ్ పాడైపోయింది. ఆగిపోతే లెక్కలోంచి పోతుంది. అతను ముందు చక్రం కుండ మీద బూటు కాలు ఆనించి, కాలితో నెట్టి బండిని తిప్పుకుంటూ యాభై మైళ్లకి పైగా న్యూకాజిల్ దాకా నడుపుకుంటూ వచ్చాడు. బూటు అరిగిపోయింది.

నేను శభాష్ అన్నాను. నాన్న ఒప్పుకోలేదు. "స్టీరింగ్ పోయిన బండిని రోడ్డు మీద నడిపితే మేం సస్పెండ్ చేసేవాళ్లం."

తొమ్మిదో రోజు: న్యూకాజిల్ – లీడ్స్

డరమ్ చర్చి, యార్క్ గోడలు, మళ్లీ వాన. లీడ్స్‌లో ఒక తెలుగు కుటుంబం భోజనానికి పిలిచింది. గోంగూర పచ్చడి. ఆ రాత్రి పుస్తకం తియ్యలేదు.

పదో రోజు: లీడ్స్ – షెఫీల్డ్ – నాటింగ్‌హామ్

షెఫీల్డ్ దాటాక వెల్‌బెక్ ఎస్టేటు. అప్పట్లో పోర్ట్‌లాండ్ డ్యూకులది. వీళ్లలో ఒకాయన మనుషులకి కనబడటం ఇష్టం లేక నేల కింద సొరంగాలు తవ్వించుకున్నాడు. 1900లో ఎస్టేటు లోపలి రోడ్డు ప్రైవేటుది, అంటే 12 మైళ్ల చట్టం అక్కడ చెల్లదు. అందుకే వేగం పరీక్ష జాన్సన్ ఇక్కడ పెట్టాడు. పద్దెనిమిది రోజులు బిగబట్టిన కళ్లేన్ని ఆఖర్న కాసేపు వదిలాడు. రోల్స్ గంటకి 37.63 మైళ్లు తోలి అందరికంటే ముందు నిలిచాడు. మన లెక్కలో 60 కిలోమీటర్ల పైచిల్లర.

"పల్లెవెలుగు వేగం," అన్నాడు నాన్న.

నాటింగ్‌హామ్‌లో దిగాక రాడ్‌క్లిఫ్ రోడ్డు మీద కావాలని ఒకసారి అటూ ఇటూ తిరిగాం. ట్రయల్ అయిన రెండో ఏడు, 1902లో, ఈ కౌంటీ ఇంజనీరు ఎడ్గార్ హూలీ తారూ ఇనుప చిట్టెం రాయీ కలిపి రోడ్డు వేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. మొదట ఈ రోడ్డుకే వేశారంటారు. ఒక ఇనుప కర్మాగారం దగ్గర ఒలికిపోయిన తారు మీద ఎవరో చిట్టెం పోస్తే, అక్కడ మాత్రం దుమ్ము లేవకపోవడం ఆయన గమనించాడట. ఇది రెండేళ్లు ముందు జరిగుంటే ఆ బళ్లలోని మనుషులు కాస్త దుమ్ము లేని మొహాలతో ఇళ్లకి చేరేవాళ్లు.

పదకొండో రోజు: నాటింగ్‌హామ్ – లండన్

లెస్టర్, నార్తాంప్టన్, సెయింట్ ఆల్బన్స్. లండన్ పొలిమేర నుంచి హైడ్ పార్క్ దాకా వరసగా ట్రాఫిక్. రాత్రి పదింటికి రెడింగ్ ఇంటికి చేరాం. మావాడు నిద్రపోయాడు. అమ్మ చారు వేడి చేసింది.

నాన్న కళ్లజోడు పెట్టుకుని పుస్తకం ముందేసుకున్నాడు. పదకొండు రోజులవీ కూడుతున్నాడు. ఆలస్యాలన్నీ కలిపి ఏడు గంటల చిల్లర వచ్చింది. మాఫట్‌కి కారణం ఉంది, వానకి ఉంది, లండన్ ట్రాఫిక్‌కి ఉంది, సిల్‌బరీ దగ్గర నేను ఫోటోలు తీసినందుకు పది నిమిషాలు నా పేరు మీద పడ్డాయి. అయిదో రోజు దగ్గర ఆగాడు. షాప్, 40 నిమిషాలు అని రాసి ఉంది. పక్కన కారణం గడిలో ఏమీ లేదు. పెన్ను అక్కడ పెట్టి కాసేపు ఉంచాడు. తర్వాత మూత పెట్టి, చారన్నం కలుపుకున్నాడు.